భుజాలు తడుముకున్నవాడే దొంగా?

2017 మే 18 సాయంత్రం. జంషెడ్‌పూర్ శివార్లలోని నాగాడీహ్. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయంటూ అప్పటికి కొన్ని రోజులుగా వాట్సాప్‌లో సందేశాలు చక్కర్లు కొడుతున్నాయి. ఊళ్లో కనిపించిన కొత్త ముఖాలను గుంపు నిలదీసింది. ఎవరు మీరు, ఎందుకొచ్చారు, గుర్తింపు కార్డేదీ అని అడిగింది. ఆ జవాబులు గుంపుకు నచ్చలేదు. ఇద్దరు అన్నదమ్ములు, వారి మిత్రుడు దెబ్బలకు చనిపోయారు. అడ్డుపడిన ముసలి బామ్మ తీవ్రంగా గాయపడి ఆ తర్వాత ఆస్పత్రిలో కన్నుమూసింది. అదే రోజు తెల్లవారుజామున పక్కనున్న సరాయికేలా-ఖర్సావాన్ జిల్లా శోభాపూర్‌లో నలుగురు పశువుల వ్యాపారులను మరో గుంపు ఇదే అనుమానంతో కొట్టి చంపింది.

గుంపు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటుంది. పోయిన పిల్లలెవరు? ఆ ప్రశ్న అడిగి ఉంటే కథ అక్కడితో ముగిసేది. ఆ వదంతులకు ఆధారం లేదని పోలీసులు తేల్చారు. అంటే నేరం జరగకముందే నేరస్థుడు దొరికేశాడు. ఊహలో ఉన్న దొంగ ఎలా ఉంటాడో ఆ బాటసారులు అలాగే కనిపించారు. కొత్తవాళ్లు, చీకటి పడే వేళ వచ్చారు, భయంతో తడబడ్డారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడన్న సామెతను మనం తెలివైన పరిశోధనకు ఉదాహరణగా చెప్పుకుంటాం. చుట్టూ కర్రలు పట్టుకున్న జనం ఉన్నప్పుడు అమాయకుడు కూడా భుజాలు తడుముకుంటాడన్న సంగతి ఆ సామెతలో లేదు.

గుంపు చేసిన ఈ పొరపాటునే చదువుకున్నవాళ్లు, అధికారులు, న్యాయస్థానాలు కూడా కాస్త మర్యాదగా చేస్తుండటం అసలు సమస్య. వరుస హత్యల కేసుల్లో ఇది మరీ ఎక్కువ. హంతకుడు దొరకడు. జనం భయపడతారు. పత్రికలు అతనికో పేరు పెడతాయి. ఆ పేరుకు తగిన మనిషి కోసం వేట మొదలవుతుంది. ఎవడో ఒకడు ఆ కొలతకు సరిపోతాడు. సరిపోవడం వేరు, చేయడం వేరు అన్న తేడా అప్పటికి చెరిగిపోతుంది.

ఆ తేడా ఎంత పెద్దదో చూడాలంటే జంషెడ్‌పూర్ నుంచి రైల్లో తూర్పుకు దాదాపు 250 కిలోమీటర్లు వెళితే చాలు. హౌరాలో దిగి వంతెన దాటితే సెంట్రల్ కోల్‌కతా. 1989 జూన్‌లో అక్కడ ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్న ఒక మనిషి తలపై ఎవరో బండరాయి వేసి చంపారు. తర్వాతి ఆరు నెలల్లో అదే తీరులో మరో 12 మంది చనిపోయారు. అందరూ ఇల్లూవాకిలీ లేనివాళ్లు. అందరూ ఒంటరిగా, వెలుతురు సరిగా లేని చోట పడుకున్నవాళ్లు. పత్రికలు ఆ కనపడని మనిషికి స్టోన్‌మ్యాన్ అని పేరు పెట్టాయి. రాత్రిపూట వీధుల్లో పోలీసులను మోహరించారు. అనుమానితులను పట్టుకొచ్చి ప్రశ్నించారు. ఆధారాలు లేక వదిలేశారు. హత్యలు ఆగిపోయాయి. కేసు మాత్రం నేటికీ తేలలేదు.

ఈ కేసులో అందరికన్నా ఎక్కువగా వినిపించే అనుమానితుడికి పేరు లేదు, చిరునామా మాత్రం ఉంది. అది ముంబై. కోల్‌కతాకు నాలుగేళ్ల ముందు, 1985లో, అప్పటి బొంబాయిలోని సయాన్, కింగ్స్ సర్కిల్ ప్రాంతాల్లో ఇలాంటి హత్యలే మొదలయ్యాయి. రెండేళ్లకు పైగా సాగిన ఆ వరుసలో కనీసం డజను మంది చనిపోయారు. అక్కడా ఒంటరిగా పడుకున్న నిరాశ్రయులే బలయ్యారు. 30 కిలోల దాకా బరువుండే రాళ్లే ఆయుధాలు. ఇదొక వరుస అని పోలీసులు గుర్తించేసరికే ఆరు హత్యలు జరిగిపోయాయి. ఒక హోటల్ వెయిటర్ ప్రాణాలతో బయటపడ్డాడు గానీ చీకట్లో దాడి చేసినవాడి ముఖం చూడలేకపోయాడు. 1988 మధ్యకల్లా ముంబైలో హత్యలు నిలిచిపోయాయి. మరుసటి ఏడాది కోల్‌కతాలో మొదలయ్యాయి.

మ్యాప్ తెరిస్తే ఈ ఊహ మరింత ముచ్చటగా కనిపిస్తుంది. ముంబై నుంచి నాగ్‌పూర్ మీదుగా హౌరాకు దాదాపు 1,970 కిలోమీటర్ల ఒకే రైలు మార్గం. 1977లో ప్రారంభమైన గీతాంజలి ఎక్స్‌ప్రెస్ గానీ, అంతకన్నా ఎంతో పాతదైన హౌరా మెయిల్ గానీ ఎక్కితే టాటానగర్ దాటాకే కోల్‌కతా. ఒక్కడే ఇక్కడ ఆపి, రైలెక్కి, అక్కడ మొదలుపెట్టాడన్నది ఆ కథ. ఒకే పద్ధతి, ఒకే రకం బాధితులు, ఒకచోట ఆగాక మరోచోట మొదలైన కాలక్రమం. వినగానే తల ఊపాలనిపిస్తుంది.

అయితే తూకం వేయాల్సింది ఇక్కడే. పద్ధతి కలిసిందంటున్నారు. ఆ పద్ధతిలో హంతకుడి సొంతమంటూ ఏముంది? రాయి ఏ వీధిలోనైనా దొరుకుతుంది. కొనక్కర్లేదు, దాచక్కర్లేదు, వెంట తీసుకెళ్లక్కర్లేదు. నిద్రపోతున్న మనిషి ఎదిరించడు. ఒంటరివాడి కోసం మర్నాడు ఎవరూ రారు. ఫుట్‌పాత్ మీద మనిషిని చంపాలనుకున్న ఎవడికైనా ఆ పరిస్థితులు చూపించే సులువైన దారి అదే. పరిశోధకులు రెండు విషయాలను వేరుచేసి చూస్తారు. పని పూర్తి కావడానికి అవసరమైన చర్యలు ఒకటి. అవసరం లేకపోయినా హంతకుడు తన కోసం చేసుకునే చర్యలు రెండోది. చేతి సంతకం లాంటిది ఈ రెండోదే. స్టోన్‌మ్యాన్ గురించి బయటి ప్రపంచానికి తెలిసిందంతా మొదటి రకమే. ఇద్దరు మనుషులు ఒకే తాళాన్ని ఒకే తీరులో పగలగొట్టారంటే తాళం ఒకటేనని అర్థం. దొంగ ఒకడేనని కాదు.

పద్ధతి కలవడమే సాక్ష్యమైతే ముంబై హత్యలకు అందరికన్నా బాగా సరిపోయేవాడు ఒకడున్నాడు. రమణ్ రాఘవ్. 1965-66లో ముంబై తూర్పు శివార్లలో రైలు మార్గం వెంబడి, మళ్లీ 1968లో, రోడ్ల మీద, గుడిసెల్లో నిద్రపోతున్న పేదల తలలు మొద్దు ఆయుధంతో పగలగొట్టి చంపింది అతనే. ఊరదే, బాధితులు అలాంటివాళ్లే, వేళ అదే, దెబ్బ పడే చోటూ అదే. కాగితం మీద ఇంతకన్నా సరైన జోడీ దొరకదు. కానీ 1968 ఆగస్టులో పట్టుబడిన రాఘవ్ మళ్లీ బయటకు రాలేదు. మొదట పడిన మరణశిక్షను మానసిక వ్యాధి కారణంగా 1987లో హైకోర్టు యావజ్జీవంగా మార్చింది. 1995లో పుణెలో చనిపోయాడు. రాళ్లు పడుతున్న రోజుల్లో అతను కటకటాల వెనకున్నాడు. ఒక్క జైలు రిజిస్టరు వంద పోలికలను కొట్టేస్తుంది. ఆ రిజిస్టరు లేకపోయుంటే? రాఘవ్ 1985లో ముంబైలో ఏ ఫుట్‌పాత్ మీదో తిరుగుతూ ఉండి ఉంటే స్టోన్‌మ్యాన్ కేసు బహుశా అతని పేరు మీదే మూతపడేది. అసలువాడు నిశ్చింతగా ఉండేవాడు.

రాఘవ్ కథలోనే ఇంకో పాఠం కూడా ఉంది. మొదటి విడత దాడులప్పుడే అతను పోలీసులకు చిక్కాడు. ఆధారాల్లేక బయటపడ్డాడు. అంటే ఆధారాలు లేనివాడు అమాయకుడేనన్న భరోసా కూడా లేదు. తూకం రెండు వైపులా తప్పు చూపగలదు.

ఇక కోల్‌కతా పోలీసులు ఊహించిన రూపం సంగతి. అంత బరువైన రాయి ఎత్తి వేశాడంటే పొడవుగా, దిట్టంగా ఉన్న మగవాడై ఉండాలన్నారు. ఊహ సబబే. దాని విలువెంత అన్నదే ప్రశ్న. బియ్యం బస్తా 50 కిలోలుంటుంది. బుర్రాబజార్‌లో మూటలు మోసే కూలీ, హౌరా స్టేషన్‌లో పోర్టరు, జంషెడ్‌పూర్ కొలిమి దగ్గర పనిచేసే కార్మికుడు, అందరూ ఆ రాయి ఎత్తగలరు. 1991 జనాభా లెక్కల ప్రకారం కోల్‌కతా నగర జనాభా దాదాపు 44 లక్షలు. వెయ్యి మందిలో ఒక్కరికి మాత్రమే సరిపోయే చాలా కచ్చితమైన వర్ణన దొరికిందనుకున్నా ఆ ఒక్క నగరంలోనే అది 4,400 మందికి సరిపోతుంది. అందులో ఒకణ్ణి పట్టుకుని వెయ్యిలో ఒక్కడికే సరిపోయే వర్ణన వీడికి సరిపోయింది చూడండి అంటే వినడానికి భయంకరమైన సాక్ష్యంలా ఉంటుంది. నిజానికి మిగతా 4,399 మందిని అడగలేదని మాత్రమే దాని అర్థం.

అరెస్టుల తర్వాత హత్యలు ఆగాయి కదా, కాబట్టి వాళ్లలో ఒకడు హంతకుడై ఉంటాడన్నది మరో వాదన. కావచ్చు. వీధుల్లో పోలీసులు నిండేసరికి భయపడి మానేసి ఉండొచ్చు. ఊరు వదిలి ఉండొచ్చు. చనిపోయి ఉండొచ్చు. వేరే కేసులో జైలుకు వెళ్లి ఉండొచ్చు. జనం గుంపులుగా పడుకోవడం మొదలుపెడితే ఒంటరివాళ్లే దొరక్కపోయి ఉండొచ్చు. 13 హత్యలూ ఒక చేతివేనన్నది కూడా నిరూపణ కాలేదు. ఫుట్‌పాత్ మీద పగిలిన తల అంతకుముందు పోలీసు డైరీలో ఒక వాక్యం. స్టోన్‌మ్యాన్ అన్న పేరు పుట్టాక అలాంటి ప్రతి మరణమూ ఆ పేరు కిందకే చేరే ప్రమాదముంది. పేరు భయాన్ని పెంచడమే కాదు, లెక్కలను కూడా మార్చేస్తుంది. 2009 ఫిబ్రవరిలో గువాహటిలో అలాంటి హత్యలు జరిగినప్పుడు పాత పేరే మళ్లీ పైకి రావడం ఇందుకు తార్కాణం.

తప్పు కొలత అమాయకుణ్ణి ఇరికించడమే కాదు, దోషిని వదిలేయగలదు కూడా. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ రిప్పర్ కేసు ఇందుకు పెద్ద గుణపాఠం. 1979లో హంతకుణ్ణి నేనేనంటూ పోలీసులకు ఒక టేపు అందింది. ఆ గొంతులో ఈశాన్య ఇంగ్లండ్ యాస ఉంది. అంతే, ఆ యాస లేనివాళ్లంతా జాబితాలో కిందికి జారిపోయారు. పీటర్ సట్‌క్లిఫ్‌ను ఆ దర్యాప్తులో పోలీసులు తొమ్మిదిసార్లు ప్రశ్నించారు. ప్రతిసారీ బయటపడ్డాడు. టేపు వచ్చాక మరో ముగ్గురు మహిళలను చంపి, 1981 జనవరిలో దొరికాడు. టేపు పంపినవాడికి హత్యలతో సంబంధమే లేదని 2005లో డీఎన్ఏ తేల్చింది. ఆ గొంతు హంతకుడిదేనా అన్నది నిర్ధారించుకోకుండానే దాన్ని తూకపు రాయిగా వాడారు.

మన దేశంలో అందరికన్నా పెద్ద తూకపు రాయి నేరాంగీకారం. పోలీసుల ముందు చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యం కాదని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పింది. నిందితుడు చూపించిన చోట కొత్త వస్తువేదైనా దొరికితే ఆ మేరకు మాత్రం లెక్కలోకి తీసుకోవచ్చు. దాని స్థానంలో 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం కూడా ఆ కట్టుబాటును ఉంచింది. ఆ కట్టుబాటు ఎందుకో నిఠారీ కేసు చెబుతుంది. 2006 డిసెంబర్‌లో నోయిడాలోని ఒక బంగళా వెనుక కాలువలో పిల్లల పుర్రెలు, ఎముకలు బయటపడ్డాయి. ఆ ఇంటి పనివాడు సురేంద్ర కోలీ దేశం కళ్లకు అచ్చమైన రాక్షసుడిలా సరిపోయాడు. దాదాపు 60 రోజులు పోలీసు కస్టడీలో ఉన్నాక మేజిస్ట్రేట్ ముందు అతనిచ్చిన వాంగ్మూలం కేసుకు వెన్నెముక అయింది. మరణశిక్షలు పడ్డాయి. ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా 2011లో శిక్షను ఖాయం చేసింది.

2023 అక్టోబర్‌లో అలహాబాద్ హైకోర్టు 12 కేసుల్లో ఆ వాంగ్మూలాన్ని, వస్తువుల స్వాధీనాన్ని నమ్మలేమని కొట్టేసింది. ఆ తీర్పును 2025 జులైలో సుప్రీంకోర్టు సమర్థించింది. అదే వాంగ్మూలం మీద నిలబడ్డ చివరి కేసులో కూడా 2025 నవంబర్ 11న క్యూరేటివ్ పిటిషన్‌పై అతన్ని నిర్దోషిగా ప్రకటించింది. దాదాపు 19 ఏళ్లు గడిచిపోయాయి. కోలీ గురించి ఎవరేమనుకున్నా మిగిలిన నిజం ఒకటే. నిఠారీ పిల్లలను చంపిందెవరో చట్టం ఒప్పుకునే రీతిలో ఇవాళ్టికీ తేలలేదు. తొలి రోజుల్లో వెతకాల్సిన ఇతర దారులు సరిపోయినవాడు దొరికాడన్న ధీమాలో చెరిగిపోయాయి.

తెలుగు పాఠకులకు ఈ బాధ కొత్త కాదు. 2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. వరుస హత్యల కేసు కాదు గానీ కొలత మాత్రం అదే. మరుసటి ఏడాది పట్టుబడిన సత్యంబాబు హాస్టళ్లలో చొరబడే దొంగ అన్న వర్ణనకు సరిపోయాడని పోలీసులు చెప్పారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అంది. అతని జీవితంలో ఎనిమిదేళ్లకు పైగా జైల్లో పోయాయి. ఆ అమ్మాయి తల్లిదండ్రులకు పోయిందేమిటో లెక్కకట్టలేం. మొదట పట్టుకున్నవాడే హంతకుడని నమ్మినన్నాళ్లూ అసలు హంతకుడి కోసం ఎవరూ వెతకలేదు.

మరి అనుమానితుణ్ణి తూచడమెలా? మార్గం కొత్తదేమీ కాదు, ఓపిక మాత్రం కావాలి. మొదట, నేరం జరిగిందా, అన్నీ ఒకే చేతి పనేనా అన్నది తేలాలి. తర్వాత ప్రతి తేదీకీ అతనెక్కడున్నాడో విడివిడిగా చూడాలి. 13లో 12 సరిపోయి ఒకటి కుదరకపోతే ఆ ఒక్కదాన్ని పక్కన పెట్టడం కుదరదు. అక్కణ్ణుంచే మళ్లీ మొదలుపెట్టాలి. అతను చెప్పిన వివరం హంతకుడికి తప్ప పత్రికలకు గానీ, ప్రశ్నించే పోలీసుకు గానీ ముందే తెలియనిదై ఉండాలి. అతని నోటితో పనిలేకుండా నిలబడే రక్తపు మరకో, వేలిముద్రో ఉండాలి. అన్నిటికీ మించి, ఇవే ప్రశ్నలు ఇంకెందరికి సరిపోతాయో అడగాలి. ఇతనే ఎందుకు అనడానికి ముందు ఇంకెవరు కావచ్చు అని అడిగే పోలీసే మంచి పోలీసు.

ఆ తూకంలో వేస్తే ముంబై నుంచి కోల్‌కతాకు రైలెక్కిన మనిషి నిలబడడు. అతను లేడని కాదు. ఉన్నాడనడానికి ఒక కాలక్రమం, ఒక రాయి, ఒక రైలు మార్గం తప్ప ఏమీ లేవు. ఇవాళ్టి విజ్ఞానం సాయం చేయగలదా? అమెరికాలో 1970, 80ల నాటి దారుణాలకు 2018లో జోసెఫ్ డీఏంజెలో దొరికింది భద్రంగా దాచిన నమూనాల డీఎన్ఏ వల్లే. కోల్‌కతాలో రాళ్లు పడుతున్న నాటికి మన దేశంలో డీఎన్ఏ పరీక్ష హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్ చేతుల్లో అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటోంది. చాలా శవాలకు పేర్లు కూడా లేవు. చనిపోయినవాడు ఎవరో తెలిస్తే చివరిసారి ఎవరితో కనిపించాడో, ఎవరితో గొడవపడ్డాడో అడగొచ్చు. ఫుట్‌పాత్ మనిషికి ఆ అవకాశం లేదు. స్టోన్‌మ్యాన్ దొరక్కపోవడానికి అతని తెలివికన్నా, చనిపోయినవాళ్ల గురించి ఎవరికీ ఏమీ తెలియకపోవడమే పెద్ద కారణం.

ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని నలుమూలల నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరు జంషెడ్‌పూర్. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ అది సొంతూరే. అక్కడ ఒకప్పుడు ప్రతి ఒక్కరూ కొత్త ముఖమే. అలాంటి చోట కొత్త ముఖమే నేరమైన రోజు 2017 మే 18. నాగాడీహ్ కేసులో ఐదుగురికి జంషెడ్‌పూర్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది 2025లో. గుంపు తన తీర్పు ఇవ్వడానికి ఒక్క సాయంత్రం పట్టింది. ఆ తీర్పు తప్పని తేల్చి శిక్ష వేయడానికి న్యాయస్థానానికి ఎనిమిదేళ్లు పట్టింది. తొందరపడి వేసిన తూకాన్ని సరిదిద్దడానికి ఎప్పుడూ అంత కాలమే పడుతుంది. పోయిన ప్రాణాలు మాత్రం ఏ తీర్పుతోనూ తిరిగిరావు.